జేబు అట్ట పూలు

హిందూపురం బజారులో ఇప్పటికీ కొందరు ఆడవాళ్లు నన్ను చూసి "టీచరమ్మా, బాగుండావా?" అని పలకరిస్తారు. బొంతల మీద గుడ్డ పూలు అతికి కుట్టే పని నా దగ్గరే నేర్చుకున్నామని పక్కవాళ్లకు చెబుతారు. నేను నవ్వి, ఏదో పనున్నట్టు తప్పించుకుని వచ్చేస్తాను. ఆ పని నాది కాదు. పెనుకొండలో మా పక్క వాటాలో ఉండిన ఒక అక్కది. ఈ మాట చెప్పాల్సిన రోజుల్లో నేను చెప్పలేదు. ఇప్పుడు రాసినందువల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలనిపించి రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో మేము పెనుకొండలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన హైవే పక్కన టైర్ల షాపులో పనిచేసేవాడు. ఒకే ఇంటికి నడిమిన గోడ కట్టి రెండు వాటాలు చేశారు. ఇటు మేము, అటు ఆమె. నాకంటే పదేళ్లు పెద్ద. ఆమె భర్త ఊళ్లో పేరున్న దర్జీ. నేను కాపురానికి వచ్చేనాటికి ఆయన పోయి ఏడాది. బడికి పోయే కూతురు ఒక్కతే. వాళ్లవాళ్లు ఆమెను ఉర్దూలో ఆపా అనేవాళ్లు. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పాపా అని పిలిచేది.

భర్త మిషను మీదే జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్స్ వేసి ఇల్లు నడుపుకునేది. పని లేని మధ్యాహ్నాల్లో మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, కింద చాప పరుచుకుని చేత్తో బొంతలు కుట్టేది. అందరూ కుట్టే బొంతలు కావవి. మా ఊళ్లో బొంత అంటే పాత చీరలు నాలుగు మడతలు వేసి, బారుగా కుట్లు వేసుకుంటూ పోవడమే. ఈమె బొంతల మీద పూలుండేవి. గుడ్డతో కత్తిరించి అతికిన పూలు. అంచు ఎక్కడా పైకి లేవదు. దారం ఎక్కడా కనిపించదు. రెక్కలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి.

మొదటిసారి చూసినప్పుడు ఎలా చేసిందో అర్థం కాక తడిమి తడిమి చూశాను. ఆమె నవ్వి, చాప పక్కనున్న బిస్కెట్ల డబ్బా తెరిచి ఒక అట్టముక్క తీసి నా చేతిలో పెట్టింది. అరచేయంత ఉంది. పైన తిన్నగా, కింద గుండ్రంగా. ఇస్త్రీ వేడికి అంచులు గోధుమరంగు తిరిగాయి.

"ఇది జేబు అట్ట," అంది. "మా ఆయనది."

చొక్కా జేబులన్నీ ఒకే తీరుగా రావడానికి దర్జీలు ఇలాంటి అట్ట పెట్టుకుంటారట. గుడ్డ మీద అట్ట పెట్టి, చుట్టూ మిగిలిన అంచును అట్ట మీదికి మడిచి, ఇస్త్రీ పెట్టెతో అదిమితే మడత నిలబడిపోతుంది. అప్పుడు అట్ట లాగేసి జేబును చొక్కాకు కుట్టేస్తారు. ఆయన పోయాక షాపు ఖాళీ చేస్తూ, ఆ అట్టను చెత్తలో వేయబోయి, వేయలేక, చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుందట.

"కిందిపక్క గుండ్రంగా ఉండాది చూడు పాపా. పైపక్క కూడా అట్లే కత్తిరిస్తే పూరెక్క అవుతాది గదా అనిపించింది. ఎవురూ చెప్పలేదు. నాకే తట్టింది."

ఆ మాట నేను స్పష్టంగా విన్నాను.

నాకూ నేర్పమని అడిగితే వెంటనే ఒప్పుకుంది. ముందు కాగితం కత్తిరించడం నేర్పింది. కాగితాన్ని మధ్యకు మడిచి, సగం ఆకు గీసి కత్తిరిస్తే, విప్పినప్పుడు రెండు పక్కలూ సమంగా వస్తాయి. రెక్కలకైతే మడవకుండా, ఆ జేబు అట్ట పెట్టి గీసేది. కాగితానికి ఆమె పెళ్లిపత్రికలు వాడేది. మరీ మందం అట్టయితే చిన్న ఆకులకు వంగదు, నోటుపుస్తకం కాగితమైతే ఇస్త్రీకి ముడుచుకుపోతుంది, పెళ్లిపత్రిక ఆ రెండింటికీ నడిమిన సరిగ్గా సరిపోతుంది. వీధిలో ఎవరింట్లో పెళ్లయినా, ముహూర్తం దాటగానే పత్రికలు ఆమె డబ్బాలోకి చేరేవి.

గుడ్డను కాగితం కంటే చుట్టూ చిటికెన వేలి గోరంత ఎక్కువగా కత్తిరించాలి. ఆ మిగులు అంచుకు వేలితో పలచటి గంజి రాసి, కాగితం మీదికి మడుస్తూ ఇస్త్రీ చేయాలి. ఆరాక కాగితం లాగేస్తే గుడ్డ ఆకు అట్లాగే నిలబడి ఉంటుంది. చెప్పినంత సులువు కాదు. నేను మడిచినవి మొదట్లో మూలలు మూలలుగా, ఎలుక కొరికినట్టు వచ్చేవి.

"యాడ పడితే ఆడ గాట్లు పెడతాండావు," అని నా చేతిలో కత్తెర లాక్కునేది. "లోపలికి వంగినచోట గాటు పెట్టల్ల. బయటికి వంగినచోట పెట్టగూడదు. ఆడ రవ్వంత రవ్వంత కుచ్చు పట్టి మడవల్ల."

పువ్వు నడుమ బొట్టుకు మందుసీసా మూత పెట్టి గీసేది. గుడ్డను గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ సన్నగా దారం నడిపి, మధ్యలో కాగితపు బిళ్ల పెట్టి దారం లాగితే, గుడ్డ సంచిమూతిలా దాని చుట్టూ బిగుసుకునేది. దాన్ని ఇస్త్రీ చేసి, దారం వదులు చేసి, బిళ్ల తీసేసేది. బొంత మీద కుట్టేటప్పుడు ముందు కాడ, దాని మీద ఆకులు, తర్వాత రెక్కలు, ఆఖరున బొట్టు. సూది అంచులో నుంచి పైకి వచ్చిన చోటికి పక్కనే మళ్లీ కిందికి దిగాలి. అంతకంటే రవ్వ జరిగినా కుట్టు కనిపిస్తుంది, విప్పమనేది.

మా చెల్లెల్ని ధర్మవరంలో మగ్గాలున్న ఇంట ఇచ్చారు. ఒకసారి ప్యాసింజరు బండిలో అక్కడికి పోయి వస్తూ, మగ్గం మీద చెడిపోయిన చీరల ముక్కలు ఒక సంచి నిండా తెచ్చాను. అక్క ఒక్కొక్క ముక్కనే వాకిట్లో వెలుతురుకు పట్టుకుని చూసింది. నేను తొందరపడి గంజిగిన్నె ముందుకు జరిపితే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పట్టుకు తడి తగిలితే మరక నిలబడిపోతాది. దీనికి గంజి వద్దు. అంచు కాగితం మీదికి మడిచి, దారంతో పొడుగు పొడుగు కుట్లు వెయ్యల్ల. పువ్వు కుట్టేసినాక ఆ దారం పీకేసి, ఎనకపక్క అడుగు గుడ్డకు చిన్న గాటు పెట్టి, కాగితం ఆడనుంచి తియ్యల్ల. ఓపికుంటేనే పట్టు ముట్టుకో."

నాకు ఓపిక లేదు. సంచి ఆమెకే ఇచ్చేశాను.

నాకు ఏడో నెల వచ్చాక ఆమె ఒక చిన్న బొంత మొదలుపెట్టింది, పుట్టబోయే బిడ్డ కింద పరచడానికి. మెత్తబడిన గుడ్డలే బిడ్డలకు మంచివని తన చీరలు రెండు చించింది. మొత్తం తొమ్మిది పూలు. నడిమి పువ్వుకు మాత్రం ఇనప్పెట్టెలోంచి లేతనీలం మీద తెల్లగీతలున్న గుడ్డ తీసింది. చూస్తే చొక్కా.

"ఆయన తనకోసం కుట్టుకున్న ఆఖరి చొక్కా ఇది," అంది. "పెట్టెలో పెట్టుకుంటే పురుగు కొడతాది. బిడ్డ కింద ఉంటే బాగుంటాది."

నేనేమన్నానో గుర్తులేదు. వద్దక్కా అని ఉంటాను. ఆమె అప్పటికే కత్తెర పెట్టేసింది. ఆ బొంతలో నేను కుట్టినవి ఆకులు మాత్రమే. వాటిలోనూ కొన్నింటిని ఆమె విప్పి మళ్లీ కుట్టింది. నా కొడుకు ఆ బొంత మీదే బోర్లాపడ్డాడు, దాని మీదే పాకాడు.

వాడికి నాలుగేళ్లప్పుడు మా ఆయనకు హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో పని దొరికింది. సామాను ఎక్కిస్తుంటే అక్క వాకిట్లో నిలబడి, "గంట ప్రయాణమేగదా, వస్తా పోతా ఉండు," అంది. మొదటి ఏడాది రెండుసార్లు పోయాను. తర్వాత ఫోన్లు. తర్వాత పండగలకు మాత్రమే ఫోన్లు. తర్వాత అవీ లేవు.

కొన్నాళ్లకు బెంగళూరు నుంచి ఒక సంస్థవాళ్లు వచ్చి, చేతిపని తెలిసిన ఆడవాళ్ల కోసం వెతుకుతున్నారని మా వీధిలో అనుకున్నారు. ఒక కల్యాణమండపంలో కూర్చుని ఉన్నారు, ఎవరి పని వాళ్లు తీసుకుపోయి చూపించాలి. నేను సొంతంగా కుట్టిన బొంత ఒకటి ఇంట్లో ఉంది. తీసి మంచం మీద పరుచుకుని చూసుకుంటే నాకే సిగ్గేసింది. దాన్ని మడిచి లోపల పెట్టి, నా కొడుకు బొంతను సంచిలో వేసుకుని పోయాను.

అక్కడున్న మేడం ఆ బొంతను బల్ల మీద పరిచి, కళ్లజోడు పైకి నెట్టుకుని, అంచుల దగ్గర వేలు పెట్టి చూసింది. పక్కనున్న వాళ్లను కూడా పిలిచింది.

"మీరే కుట్టారా?"

"అవును మేడం."

"ఎక్కడ నేర్చుకున్నారు? ఇది చాలా పాతపద్ధతిలా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు కుట్టేవాళ్లా?"

ఆమె అడిగిన తీరులోనే ఆమెకు ఏం కావాలో తెలిసిపోయింది. అంతకంటే ఇంకో సంగతి కూడా నా బుర్రలో తిరిగింది. పక్కింటామె నేర్పిందంటే, ఆమెనే పిలవండి అంటారు. ఆమె వస్తే నన్నెవరు చూస్తారు? ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

"మా అవ్వ నేర్పింది మేడం," అన్నాను. "మా ఇంట్లో ఎప్పటినుంచో ఉండాది."

మా అవ్వ చేనుపని చేసి బతికిన మనిషి. గుడ్డతో పువ్వు కుట్టవచ్చని ఆమెకు తెలియనే తెలియదు.

బొంతను శాంపిల్‌గా ఉంచుకుంటామన్నారు. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేసి వచ్చాను. ఆ నీలం చొక్కా గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. పని దొరుకుతోంది, ఒక బొంత పోతే ఏమైంది అనుకున్నాను.

ఆ తర్వాత నన్ను టీచరును చేశారు. అదే కల్యాణమండపం వెనక హాలులో వారానికి మూడు రోజులు క్లాసులు. నేర్చుకున్నవాళ్లకు ఇంటికే పని పంపేవాళ్లు. తయారైన ప్రతి బొంతకూ ఒక కార్డు కట్టేవాళ్లు. దాని మీద సూది పట్టుకున్న నా చేతి ఫోటో, కింద ఇంగ్లీషులో నాలుగు వరుసలు. ఒక పల్లెటూరి అవ్వ తన మనవరాలికి నేర్పిన విద్య అని దాని అర్థం. మా ఆయన ఆ కార్డు చూసి అటూ ఇటూ తిప్పాడు.

"నీకు నేర్పింది పెనుకొండామె గదా? వీళ్లకు చెప్పినావా లేదా?"

"చెప్పినాలే," అన్నాను.

ఇట్లా కొన్నేళ్లు గడిచాయి. అవ్వ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగితే అవ్వ ఎలా కూర్చునేది, కాగితం ఎలా మడిచేది అని వర్ణించడం కూడా అలవాటైపోయింది. చాప, బిస్కెట్ల డబ్బా, నవ్వు అన్నీ అక్కవే. మనిషిని మాత్రం మార్చాను.

ఒక కొత్త బ్యాచ్ మొదలైన రోజు హాజరు పిలుస్తుంటే కాగితం మీద అక్క పేరు కనిపించింది. పిలిచి తలెత్తాను. చివరి వరుసలో, కిటికీ పక్కన, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లద్దాలు వచ్చాయి. జుట్టు బాగా నెరిసింది.

"ఉండా మేడం," అంది.

కూతుర్ని హిందూపురంలోనే ఇచ్చారని, ఆ అమ్మాయే వాళ్లమ్మ పేరు రాయించిందని తర్వాత తెలిసింది. టీచరు నేనని తెలిసి వచ్చిందో, తెలియక వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు.

ఆ పూట నేను పెళ్లిపత్రిక ఎత్తి పట్టుకుని, నోటుపుస్తకం కాగితం ఎందుకు పనికిరాదో చెప్పాను. గాటు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్పాను. ఆమె నోట విన్న మాటల్ని ఆమె ఎదుటే వరసపెట్టి చెప్పుకుంటూ పోయాను. ఆమె తల వంచుకుని, చెప్పింది చెప్పినట్టు, కొత్తగా నేర్చుకునేదానిలా చేసింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు దగ్గరికి పోయి కూర్చున్నాను.

"ఎప్పుడొచ్చినావక్కా? ఇంటికి రాకపోతివే?"

"పొద్దున బస్సుకు వచ్చినా." క్యారియరు మూత బిగిస్తూ, "బాగా చెప్తాండావు పాపా," అంది.

ఎత్తిపొడుపో మెచ్చుకోలో ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. తప్పయిపోయిందక్కా అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను మా అబ్బాయి టెన్త్‌కు వచ్చాడని చెప్పాను.

రెండో రోజు పట్టు మీద పని. ధర్మవరం నుంచి ముక్కలు తెప్పించి పెట్టారు. మధ్యాహ్నానికి బెంగళూరు మేడం చూడ్డానికి వస్తుందన్నారు. నేను ప్రతి నలుగురికీ ఒక గంజిగిన్నె పెట్టించాను. పట్టుకు గంజి వద్దన్న మాట ఆ తొందరలో మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఆ మాట చెప్పబోయి చివరి వరుస వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. ఆమె మాటను ఇంకొకసారి నాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాటను మింగేసి, "అంచుకు గంజి రాసి మడవండి," అన్నాను.

గంటకల్లా బల్లల మీద ఆకుపచ్చ ముక్కలు, మామిడిపండు రంగు ముక్కలు అన్నీ అంచుల వెంట నల్లటి మరకలతో ఆరుతున్నాయి. మేడం ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ, ఏమీ అనకుండా కింద పెట్టుకుంటూ చివరి వరుస దాకా పోయింది. అక్కడ ఆగింది. అక్క బల్ల మీద గంజిగిన్నె ముట్టుకోకుండా ఉంది. ఆమె చేతిలో అయిదు రెక్కల పువ్వు, ఒక్క మరక లేకుండా, అంచుల మీద తెల్లదారం పొడుగు కుట్లతో ఉంది.

"మీకిది ఎవరు చెప్పారు?" అని అడిగింది మేడం.

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్క కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఈ టీచరమ్మే చెప్పింది మేడం."

"మరి మిగతావాళ్లకు ఎందుకు చెప్పలేదు?" మేడం నా వైపు తిరిగింది.

ఒక్క వాక్యం చాలు. ఈ పని ఆమెది, నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను, అంతే. నా నోట్లో నుంచి వచ్చింది మాత్రం వేరే.

"రేపు చెప్దామనుకున్నా మేడం. ఈమెకు చెయ్యి తొందరగా తిరిగింది కాబట్టి..."

"చూడండి, రెండు రోజుల్లో ఎంత బాగా నేర్పారో," అంది మేడం, అక్క పువ్వును ఎత్తి అందరికీ చూపిస్తూ.

అక్క ఆ పువ్వును తిరిగి తీసుకుని, అంచు దారం ఒక్కొక్క కుట్టే పీకి, కాగితం బయటికి లాగి, గుడ్డను బల్ల మీద పెట్టి, సంచి సర్దుకుంది. మూడో రోజు రాలేదు.

నాలుగు నెలలు పెనుకొండ పోలేకపోయాను. బస్సెక్కడానికి తయారై, స్టాండు దాకా పోయి తిరిగి వచ్చిన రోజులున్నాయి. చివరికి ఒక ఆదివారం పోయాను. అదే వాటా. మేమున్న పక్క ఇప్పుడు మొబైల్ రిపేరు చేసే ఇద్దరు అన్నదమ్ములు ఉంటున్నారు. అక్క గడప దగ్గర వెలుతురులో కూర్చుని ఒక స్కూలు బ్యాగుకు జిప్పు మారుస్తోంది. కూర్చోమంది. నీళ్లిచ్చింది. నేను ఏడ్చాను. మా అవ్వ అని చెప్పిన రోజు నుంచి కార్డు దాకా అంతా చెప్పాను. ఆమె జిప్పు కుట్టడం ఆపలేదు.

"తెలుసులే," అంది. "ఆ కార్డు మా పాప ఫోన్లో చూపించింది. చదివి చెప్పింది."

"అక్కా, నేను..."

"అయిపోయింది గదా. ఇప్పుడు ఏడిస్తే నీకు తేలికైతాది. నాకేమైతాది?" దారం కొరికి, బ్యాగు పక్కన పెట్టింది. "అవన్నీ వద్దు. ఆ బొంత యాడుండాది? నీ కొడుక్కి కుట్టిచ్చినది. వాడు పెద్దోడైనాడు, వానికింక పనికిరాదు. అది నాకియ్యి."

"ఇంట్లో ఉండాదక్కా," అన్నాను. "తెచ్చిస్తా."

ఏడ్చి, తప్పు ఒప్పుకుని, కళ్లు తుడుచుకోకముందే ఇంకో అబద్ధం చెప్పాను. తిరుగుబస్సులో కూర్చున్నాక గాని అది నాకు తెలియలేదు.

మర్నాడే బెంగళూరు మేడంకు ఫోన్ చేశాను. ఈసారి నిజం చెప్పాను. బొంత నాది కాదని, పని కూడా నాది కాదని, అది కుట్టినామె తన బొంత అడుగుతోందని.

"ఆ బొంతను మా దగ్గరికి వచ్చిన అతిథికి ఎప్పుడో ఇచ్చేశామమ్మా. వాళ్లు వేరే దేశంవాళ్లు," అంది. "ఇంకో మాట. అవ్వ సంగతి ఇప్పుడు ఎవరికీ చెప్పకండి. కార్డులన్నీ అచ్చయిపోయాయి. అందరికీ ఆ కథ నచ్చింది."

ఆమెను అనడానికి నాకేం హక్కుంది? ఆ కథ ఆమె చేతిలో పెట్టింది నేనే.

తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇంకా సిగ్గు. బొంత పోయిందని అక్కకు చెప్పలేక, అలాంటిదే ఇంకొకటి కుట్టడం మొదలుపెట్టాను. నా కొడుకు పసితనంలో ఆ బొంత మీద పడుకున్న ఫోటో ఒకటుంది. దాన్ని పెద్దది చేయించి ముందు పెట్టుకున్నాను. పాత చీరలు వెతికాను. లేతనీలం మీద తెల్లగీతల చొక్కా గుడ్డ కోసం హిందూపురంలో కొట్లన్నీ తిరిగాను. దొరికిన గుడ్డను రంగు వెలిసేదాకా సోడాలో నానబెట్టి, ఎండలో ఆరేసి, మళ్లీ నానబెట్టాను. పెళ్లిపత్రికల మీద రెక్కలు గీసి, మధ్యకు మడిచి, వెంట్రుకంత తేడా లేకుండా కత్తిరించాను. రెండు నెలలు పట్టింది. నా జీవితంలో అంత శ్రద్ధగా కుట్టిన బొంత ఇంకొకటి లేదు. చివరి రెక్క అతికాక చూసుకుని, నిజంగా ఆమెదే అనుకుంటుందని నమ్మాను. మా ఆయన చూసి, "ఎవురికిది?" అన్నాడు. చెప్పాను. ఆయన భోంచేస్తున్నవాడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

పెనుకొండ తీసుకుపోయి అక్క ఒళ్లో పెట్టాను. ఆమె కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. నడిమి పువ్వు మీద అరచేయి ఆనించి, బొటనవేలితో ఒక్కొక్క రెక్క అంచు మెల్లగా తడిమింది. అయిదు రెక్కలూ తడిమింది. బొంతను తిప్పి వెనకపక్క చూడను కూడా చూడలేదు.

"ఇది నాది కాదు."

"నీదే అక్కా. ఉతికి ఉతికి..."

"నా అట్ట ఎడమపక్క అరిగిపోయి ఉండె. నేను దాంతో గీసిన రెక్కలన్నీ ఆ పక్క రవ్వంత నొక్కుకుపోయి ఉంటాయి. ఈటిని చూడు, ఎంత సమంగా ఉండాయో." చెయ్యి తీసేసింది. "అబద్ధం చెప్పేదానికి మళ్లీ నేనే దొరికినానా పాపా?"

అప్పుడు చెప్పాను, అది ఏ దేశంలో ఎవరింట్లో ఉందో నాకు కూడా తెలియదని. ఆమె అరవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. గడప అవతల వీధిలోకి చూపు తిప్పింది.

"ఆ చొక్కా రెండుసార్లు కూడా ఏసుకోలేదు ఆయన," అంది, నాతో కాదన్నట్టు.

తర్వాత నా బొంతను చివరలు కలిపి, మడతలు సరిచేసి, బేరగాళ్లకు కుట్టిన గుడ్డలు అప్పజెప్పినట్టు నా సంచిలో పెట్టింది.

"నాలుగు గంటల బస్సుంటాది. పో."

"ఇది ఉంచుకో అక్కా. చలికాలానికి..."

"నాకొద్దు పాపా. పో."

ఆ మరుసటి ఏడే సంస్థవాళ్లు పద్ధతి మార్చేశారు. పూలు, ఆకులు మిషను మీద కత్తిరించి, వెనక జిగురు పూసి పంపడం మొదలుపెట్టారు. ఇస్త్రీ పెట్టి అదిమితే అతుక్కుపోతాయి, చుట్టూ మిషను కుట్టు వేస్తే చాలు. కాగితం అక్కరలేదు, మడత అక్కరలేదు, నేర్పేవాళ్లు కూడా అక్కరలేదు. హాలు ఖాళీ చేశారు. నేనిప్పుడు ఇంట్లో చీరలకు ఫాల్స్ వేస్తాను, అంచులు పోగులు ఊడకుండా పీకో చేస్తాను. రెండు నెలలు కూర్చుని కుట్టిన ఆ బొంతను ఎవరికీ ఇవ్వలేదు, వాడలేదు.

అక్కకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. ఎప్పుడు చేసినా ఆమె ఎత్తదు. పండగలకు తల్లి దగ్గరికి వచ్చినప్పుడు కూతురు ఎత్తుతుంది. పోయిన రంజాన్‌కు కూడా ఆ అమ్మాయే ఎత్తింది.

"అమ్మ పనిలో ఉండాదాంటీ. ఏమన్నా చెప్పల్లనా?"

"ఏం లేదమ్మా, ఊరికే చేసినా," అని పెట్టేశాను.